పాత ప్రోటోకాళ్ళకు కొత్త దారి

కామాఠిపురము, వర్లి చాళ్ళలోని తెలుగు కార్మికులు స్వగ్రామమునకు ఉత్తరము పంపినపుడు, లోపలి తెలుగు వ్రాత తపాలావారికి తెలియనక్కరలేదు. కవరుపై చిరునామా తెలిసిన చాలును. కంప్యూటర్ల సంభాషణ నియమములగు ప్రోటోకాళ్ళకును ఇదియే మార్గము.

1986లో ప్రారంభమైన ఎర్నెట్ పథకమున ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రము భాగస్వామిగా నుండెను. ఆ జాలము తొలుత టీసీపీ-ఐపీ, ఓఎస్ఐ నియమములు రెంటిని మోసెను. 1995 తరువాత దాదాపు మొదటిదే మిగిలెను.

ఆపిల్ సంస్థ 1985లో వెలువరించిన ఆపిల్‌టాక్ నియమమునకు 2009లో ఆ సంస్థయే స్వస్తి చెప్పెను. అయినను 1993 నాటి ఏయూఆర్‌పీ పద్ధతి ననుసరించి, నేటి ప్రోగ్రాములు ఆపిల్‌టాక్ సందేశమును ఐపీ కవరులో నుంచి దూరపు పాత యంత్రమునకు చేర్చగలవు.

ఇది కేవలము వేడుక కాదు. దారి యున్నంతవరకు పాత యంత్రములలోని వ్రాతలను వెలికి దీయవచ్చును. దారి తెగినచో అవి యంత్రములతోనే నశించును.