మేస్త్రీ అడ్వాన్సు
(పాలమూరు ముచ్చట్లు – 9వ భాగం)



పోయిన భాగం చదివి బాదేపల్లి హాస్టల్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డిగ్రీ రెండో సంవత్సరం. "అన్నా, లీడర్లు అబద్ధాలు చెప్తరని రాస్తవు. అబద్ధమైతే మేం పట్టుకుంటం. ఫోన్ల వెతికితే నిజమేందో తెలుస్తది. గని నిజంగనే చెక్కు చేతుల పెట్టి ఓటు అడిగితే? అండ్ల మోసం యాడున్నది?"

రెండు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మనం మీటింగుల్లో చెప్పే క్లాసులన్నీ అబద్ధాన్ని పట్టుకోవడం గురించే. మార్ఫింగ్ ఫోటో, కత్తిరించిన వీడియో, పుకారు. అవి అవసరమే, కాదనను. కానీ మన వాడల మీద డెబ్బై ఏళ్లుగా బాగా పనిచేసిన కిటుకు అబద్ధం కాదు. నిజంగానే ఇవ్వడం. ఇచ్చి, "ఇచ్చాం" అనడం. ఈ భాగం ఆ ఒక్క మాట గురించే.

పాలమూరు పిల్లలకు ఇది అర్థం చేయించడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. మేస్త్రీ అడ్వాన్సు తెలిస్తే చాలు. మేస్త్రీ ఎప్పుడు వస్తాడు? ఇంట్లో పెండ్లి ఉన్నప్పుడు, దవాఖాన ఖర్చు పడ్డప్పుడు, బోరు ఎండిపోయినప్పుడు. అడగకముందే పైసలు తెచ్చి చేతిలో పెడతాడు. ఆ పైసలు ఎవరివి? రేపు నువ్వు చేయబోయే పనికి కూలీ. నీ చెమటకు వచ్చే డబ్బే, ముందుగా నీకు చేరింది. కానీ మేస్త్రీ దాన్ని కూలీ అనడు. "ఆపతికి ఆదుకున్న" అంటాడు. ఆ మాటతోనే నువ్వు కూలీవి కాకుండా పోతావు, బాకీదారువవుతావు. కూలీ అయితే రేటు అడగొచ్చు. బాకీదారు ఏం అడుగుతాడు? మా నాయన అట్లానే దేశం మీద పోయాడు. ఎక్కడెక్కడ పనిచేసినవే అంటే డ్యాంల పేర్లు చెప్పేవాడు కాదు, "కట్టకు పోయిన" అనేవాడు. లెక్కల పుస్తకం ఎప్పుడూ మేస్త్రీ దగ్గరే ఉండేది. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టం దృష్టిలో అడ్వాన్సుకు కట్టుబడి పనిచేయించుకోవడం నేరం. మా ఇంట్లో మాత్రం అది మేస్త్రీ చేసిన మేలు.

రాజకీయాల్లో మన మీద నడిచేది సరిగ్గా ఇదే లెక్క. హక్కుగా రావాల్సిన దాన్ని ముందు ఆపాలి, లేదా గుంజుకోవాలి. తర్వాత అందులో ఒక ముక్కను దానంగా ఇవ్వాలి. ఆ దానానికి కృతజ్ఞత అడగాలి.

దీన్ని చరిత్రలో చూడాలంటే ముందు పక్కనున్న నల్లగొండకు పోవాలి. 1951 ఏప్రిల్ 18. అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వినోబా భావే నడుచుకుంటూ వచ్చాడు. ఊరి దళితులు ఆయన్ని కలిసి బతకడానికి 80 ఎకరాల భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం పుట్టింది. బడి పుస్తకాల్లో కథ ఇక్కడ మొదలై ఇక్కడే అయిపోతుంది.

కానీ కథ 1951లో మొదలు కాలేదు. అంతకుముందు అయిదేళ్లుగా అదే నల్లగొండలో, వరంగల్‌లో పేదలు దొరల భూముల్లో దిగి దున్నారు. దాదాపు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క చెప్పింది. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. రజాకార్ల పని అయిపోయింది. కానీ సైన్యం అక్కడితో వెనక్కి పోలేదు. దాని నీడలో పారిపోయిన దొరలు తిరిగొచ్చారు, పంచిన భూముల్లో ఎక్కువ భాగం మళ్లీ వాళ్ల చేతికి పోయింది. వినోబా పోచంపల్లికి వచ్చేనాటికి సాయుధ పోరాటాన్ని ఇంకా విరమించలేదు. అది ఆ ఏడాది అక్టోబర్‌లో జరిగింది. అంటే జనం దున్నుకున్న భూమిని తుపాకీ పెట్టి తీసుకున్న తర్వాత, అందులో కొంత దానంగా తిరిగొచ్చింది. మొదటి సగం చెప్పకుండా రెండో సగం చెబితే అది అబద్ధం కాదు. రామచంద్రారెడ్డి నిజంగానే ఇచ్చాడు. ఆయన మంచితనాన్ని నేను అనుమానించడం లేదు. వినోబా నిజాయితీనీ అనుమానించడం లేదు. నా ప్రశ్న వేరే. ఆ ఊరి పేరు ఇవాళ భూదాన్ పోచంపల్లి. ఇచ్చినాయన పేరు పోటీ పరీక్షల్లో అడుగుతారు. లేచి నిలబడి మాకు 80 ఎకరాలు కావాలని అడిగిన వాళ్ల పేర్లు మీలో ఎంతమందికి తెలుసు? అడగడం చరిత్ర కాకుండా పోయింది, ఇవ్వడం చరిత్ర అయింది.

ఇక మన జడ్చర్లకు వద్దాం.

మన ముందుతరంలో చాలామందికి భూమి వచ్చింది అసైన్‌మెంట్ పట్టాల ద్వారా. ప్రభుత్వ భూములు, తర్వాత 1973 సీలింగ్ చట్టం కింద తేలిన మిగులు భూములు. రాళ్లు ఏరి, ముండ్లపొదలు కొట్టి, మన అవ్వలు తాతలు వాటిని చెలకలు చేసుకున్నారు. ఆ భూములను పెద్దోళ్లు కొనేయకుండా 1977లో అమ్మకాలు నిషేధిస్తూ చట్టం తెచ్చారు. మంచి చట్టమే. కానీ ఆ రక్షణనే తర్వాత మన మీద వాడారు. "ఇది సర్కారు మీకిచ్చిన భూమి. మీరు అమ్ముకోలేరు. అమ్ముకోలేని దానికి ధర ఎక్కడిది? సర్కారుకు అవసరమొచ్చింది, తీసుకుంటుంది." ఎంత సాఫీగా ఉందో చూడండి. ఒక్క వాక్యం కూడా గొంతు పెంచి చెప్పాల్సిన పనిలేదు.

జడ్చర్ల మండలం పోలేపల్లిలో జరిగింది ఇదే. పోలేపల్లి, ముదిరెడ్డిపల్లి, గుండ్లగడ్డ తండా. దళితులు, లంబాడీలు, బీసీ రైతుల భూములు, వెయ్యి ఎకరాలకు అటూఇటూ. చంద్రబాబు ప్రభుత్వ కాలంలో భూసేకరణ మొదలైంది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో అది ప్రత్యేక ఆర్థిక మండలి అయింది, మందుల కంపెనీలు వచ్చాయి. పార్టీ మారింది, దస్త్రం మారలేదు.

ఆ స్థలానికి పెట్టిన పేరు చూడండి: గ్రీన్ ఇండస్ట్రియల్ పార్క్. ఇవాళ్టికీ అక్కడి కంపెనీల చిరునామాల్లో ఆ పేరే ఉంటుంది. పార్క్ అనగానే మన కండ్లముందు ఏం కనిపిస్తుంది? చెట్లు, బెంచీలు, పిల్లలు. పచ్చజొన్న పండిన చెలకను తీసుకుని దానికి పచ్చదనం పేరు పెట్టారు. ఇదీ అబద్ధం కాదు, రిజిస్టరైన పేరే. సెజ్ అనే మాట కూడా అంతే. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు వినగానే మా ఊరి పెద్దమనుషులు ఇదేదో చదువుకున్నోళ్ల సంగతని నోరు మూసుకున్నారు. అర్థం కాని మాట ఎదుటివాణ్ని ఒప్పించదు, అడగకుండా ఆపుతుంది. ఆపడమే వాళ్లకు కావాల్సింది.

పరిహారం ఎకరానికి వేలల్లో ఇచ్చారు. ఇక్కడ తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఒక విషయం రాసిపెట్టుకోండి. 2004లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తేల్చి చెప్పింది: అసైన్డ్ భూమిని ప్రజాప్రయోజనం కోసం తీసుకుంటే, సొంత పట్టాదారుకు ఇచ్చినట్టే మార్కెట్ విలువ ప్రకారం పరిహారం ఇవ్వాలి, పరిహారం అడగొద్దనే పట్టా షరతు రాజ్యాంగం ముందు చెల్లదు. ఆ కేసు వచ్చింది మనకు దగ్గరే, చేవెళ్ల డివిజన్ నుంచి. మరి ఈ తీర్పు గురించి ఊర్లో దండోరా వేశారా? వేయలేదు. దండోరా వేసేది సంతకాలకు రమ్మని. "ఇవాళ చెక్కు తీసుకోకపోతే కోర్టులో పడతది, అదీ రాదు" అనే భయం మన పల్లెల్లో తెలియని వాళ్లుండరు. తొందర పెట్టేవాడు నీకు ఆలోచించే టైం ఉండొద్దనుకుంటాడు. మేస్త్రీ కూడా బండి ఎక్కే రోజే లెక్క చెప్తాడు.

పోలేపల్లి జనం ఊరుకోలేదు. ధర్నాలు, పాదయాత్రలు, కోర్టులు, హక్కుల సంఘాలు, అన్నీ అయ్యాయి. కానీ నా దృష్టిలో వాళ్లు చేసిన అతిపెద్ద పని 2008లో జరిగింది.

అప్పుడు తెలంగాణ కోసం టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు, ఎంపీలు రాజీనామాలు చేశారు. 18 అసెంబ్లీ, 4 లోక్‌సభ స్థానాలకు మే నెలలో ఉప ఎన్నికలు వచ్చాయి. జడ్చర్ల అందులో ఒకటి. ఎన్నిక ప్రశ్న ముందే ఖరారైంది: తెలంగాణ కావాలా వద్దా, కాంగ్రెస్ సంక్షేమం కావాలా వద్దా. ఒకాయన ఒకటి అడుగుతాడు, ఇంకొకాయన ఇంకొకటి అడుగుతాడు. నువ్వు జవాబు చెప్పాలి. నా భూమి సంగతేంది అని నువ్వు అడగడానికి ఆ ప్రశ్నపత్రంలో ఖాళీ లేదు. నేను తెలంగాణవాదినే, ఆ రోజుల్లో రోడ్డు మీద కూర్చున్నవాణ్నే. అయినా చెప్తున్నా, పెద్ద ప్రశ్నతో చిన్నోని ప్రశ్నను కప్పేయడం అనేది న్యాయమైన ఉద్యమాల్లో కూడా జరుగుతుంది. అక్కడ దాన్ని గుర్తుపట్టడం ఇంకా కష్టం, ఎందుకంటే కప్పుతున్నది మన జెండానే.

పోలేపల్లి బాధితులు ఏం చేశారంటే, వాళ్లే నామినేషన్లు వేశారు. ఒక్కరు కాదు, పదిమందికి పైగా. మునుపెన్నడూ మైకు పట్టని రైతులు, కూలీలు. గెలుస్తామని వేయలేదు. ఓటు వేసే యంత్రం మీద మా ప్రశ్న కూడా ఉండాలని వేశారు. వాళ్లందరికీ కలిపి వేల ఓట్లు పడ్డాయి. గెలిచింది కాంగ్రెస్ నుంచి మల్లు రవి. జనరల్ సీటులో దళితుడు గెలవడం చిన్న విషయం కాదు, అది మనం గుర్తించాలి. కానీ ఆ భూములు తిరిగి రాలేదు. తెలంగాణ వచ్చిన తర్వాత కూడా రాలేదు. "మనోడే కదా" అని ఊరట పడేముందు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకోవాలి. మనోడు కుర్చీలో ఉండటం, మన ప్రశ్న దస్త్రంలో ఉండటం వేర్వేరు.

తెలంగాణ వచ్చినప్పుడు కేసీఆర్ మహబూబ్‌నగర్ ఎంపీ. తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్నమాట ఏమైందో అందరికీ తెలుసు, దాని మీద కాగితం ఖర్చు చేయను. 2014 ఆగస్టు 15న మూడెకరాల పథకం మొదలైంది. లక్షల కుటుంబాలు ఎదురుచూశాయి, కొన్ని వేల కుటుంబాలకే అందింది. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముంగిట, ఆగస్టు 16న, అక్కడే దళితబంధు సభ. కుటుంబానికి 10 లక్షలు. 2023 ఆగస్టు 26న చేవెళ్లలో కాంగ్రెస్ డిక్లరేషన్. 12 లక్షలు, అంబేద్కర్ పేరుతో. బాదేపల్లి మార్కెట్‌లో పల్లీలకు పాట పెట్టినట్టు, పది, పన్నెండు. ఆ డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. ఆ పన్నెండు ఎవరి ఖాతాల్లో పడ్డాయో మీ వాడలో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. నాకు చెప్పకండి, వచ్చే ఎన్నికల్లో వచ్చిన వాళ్లకు చూపించండి.

ఈ రెండు సభల్లో ఏ స్టేజీ మీదా గట్టిగా వినిపించని సంగతి ఒకటుంది. రాష్ట్ర ప్రణాళికలో ఎస్సీల జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్న ఆలోచన 1979 నాటి స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్‌ది. దానికోసం ఏళ్ల తరబడి సంఘాలు కొట్లాడితే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చింది. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రంలో మనం 15 శాతానికి పైగా ఉన్నాం. ఆ వాటా చట్టం. చట్టం ప్రకారం రావాల్సిన డబ్బుకు నాయకుని ఫోటో ఎందుకు? జాబితాలో ఎవరి పేరుండాలో ఎమ్మెల్యే ఎందుకు తేల్చాలి? మేస్త్రీ లెక్కల పుస్తకం తన సంచిలోనే ఎందుకు పెట్టుకుంటాడో, అందుకే.

ఒక్కమాట. హుజూరాబాద్‌లో అంత డబ్బు ప్రకటించినా అధికార పార్టీ ఓడిపోయింది, 23 వేలకు పైగా ఓట్ల తేడాతో. చాలామంది పెద్దమనుషులు "తీసుకుని కూడా ఓటెయ్యలేదు, విశ్వాసం లేనోళ్లు" అని దళితుల మీద పడ్డారు. ఎవరు ఎవరికి వేశారో డబ్బా లోపల చూసినట్టు మాట్లాడారు. ఆ తిట్టును జాగ్రత్తగా వినండి. విశ్వాసం అనే మాట మనుషులకు వాడతారా, ఇంకా దేనికన్నా వాడతారా? ఇచ్చింది దానమని వాళ్లు నిజంగా నమ్మారని ఆ తిట్టులోనే తెలిసిపోయింది.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగంలో బాబాసాహెబ్ ఈ కృతజ్ఞత గురించే హెచ్చరించాడు. ఐర్లండ్ నాయకుడు డేనియల్ ఓకానెల్‌ను గుర్తుచేస్తూ, ఏ మనిషీ తన గౌరవాన్ని పోగొట్టుకుని, ఏ దేశమూ తన స్వేచ్ఛను పోగొట్టుకుని కృతజ్ఞత చూపడం కుదరదన్న అర్థంలో మాట్లాడాడు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అన్నాడు. ఆ ప్రసంగం తెలుగులో దొరుకుతుంది, హాస్టళ్లలో బయటికి చదివించండి.

"అయితే తీసుకోవద్దా అన్నా?" అని తమ్ముడు మళ్లీ అడిగాడు. తీసుకోవాలి. ఎందుకు తీసుకోవద్దు? వద్దనే హక్కు కడుపు నిండినోళ్లకు ఉంటుంది. మా అవ్వ దగ్గరికి ఒక కార్యకర్త వచ్చి, "అవ్వా, పింఛన్ మేమే ఇస్తున్నం, యాదుంచుకో" అన్నాడు. అవ్వ తలెత్తకుండా బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ అడిగింది: "నీ పొలం అమ్మి ఇస్తున్నవా బిడ్డా?" ఆయన నవ్వి పోయాడు. అవ్వ ప్రతి నెలా పింఛన్ తెచ్చుకుంటుంది, సంతకం పెట్టి, లెక్కపెట్టుకుని.

ఆ హాస్టల్ పిల్లలతో ఒక పని మొదలుపెట్టాం. ఆదివారం ఆదివారం కూర్చుని, ఊర్లో దొరికిన అన్ని పార్టీల కరపత్రాలు ముందేసుకుని, "ఇచ్చాం" అని ఉన్నచోటల్లా గీత కొట్టి, అది ఏ చట్టం కింద, ఎవరి పన్నుతో, ఎన్నేళ్ల ఆలస్యంగా వచ్చిందో పక్కన రాస్తున్నారు. మొదటి వారం ఒక కరపత్రానికే మూడు గంటలు పట్టింది. రాయలేని చోట ఖాళీ పెట్టి, సమాచార హక్కు కింద దరఖాస్తు రాస్తున్నారు.

మీతో ఒక పని ఉంది. మీ ఇండ్లలో పాత ట్రంకు పెట్టెల్లో అసైన్‌మెంట్ పట్టా కాగితాలు ఉంటే తీయండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో షరతులుంటాయి. వాటిని మీ తాతకు, అవ్వకు చదివి వినిపించండి. అప్పట్లో ఎవరైనా చదివి చెప్పారా అని అడిగి, వాళ్లేమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. పేర్లు, సర్వే నంబర్లు తీసేసి పంపండి. వచ్చే భాగం వాటితోనే రాస్తాను.

(ఇంకా ఉంది)