ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు?

చిన్నప్పుడు తనమీద జరిగిన అత్యాచారాన్ని ఓ మనిషి నలభయ్యో ఏట బయటపెడితే జనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "ఎవరు చేశారు?" అని కాదు. "ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకు?" అని. ఈ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. జేన్ స్మైలీ రాసిన 'ఎ థౌజండ్ ఏకర్స్' అనే నవల చదివాక ఆ చరిత్ర కాస్త తవ్వాలనిపించింది.

నవల 1991లో వచ్చింది, 1992లో పులిట్జర్ బహుమతి అందుకుంది. కింగ్ లియర్ కథ చాలామందికి తెలుసు కదా... ముసలి రాజు రాజ్యాన్ని కూతుళ్ళకి పంచుతాడు, పెద్దవాళ్ళిద్దరూ రాక్షసులు, చిన్నది బంగారం. స్మైలీ ఆ కథని 1979 నాటి అమెరికాకి, అయోవా రాష్ట్రంలోని ఓ వెయ్యెకరాల మొక్కజొన్న కమతానికి తీసుకొచ్చి ఒకే ఒక్క ప్రశ్న వేసింది: అసలు ఆ పెద్ద కూతుళ్ళకి తండ్రి మీద అంత కోపం ఎందుకు?

కథ చెప్పేది పెద్ద కూతురు జిన్నీ. ముప్ఫయ్యారేళ్ళ మనిషి. నాన్నకి మూడుపూటలా వండిపెట్టి, ఆయన కళ్ళు ఎర్రబడకుండా చూసుకోవడమే బతుకు. చెల్లెలు రోజ్ ఓ తుఫాను రాత్రి అంటుంది: నాన్న మన గదుల్లోకి వచ్చేవాడు, నీకు గుర్తులేదా? జిన్నీ లేదంటుంది. అబద్ధం కాదు, నిజంగానే గుర్తులేదు. కొన్నాళ్ళ తర్వాత పాత ఇంట్లో, తన చిన్నప్పటి మంచం మీద కాసేపు నడుం వాల్చినప్పుడు మొత్తం తిరిగొస్తుంది. రచయిత్రి ఆ చోట గొంతు పెంచదు. అందుకే చదవడం అంత కష్టం.

ఆ ప్రాంతపు చరిత్ర ఒకటి చెప్పాలి. ఉత్తర అయోవా ఒకప్పుడు చాలాభాగం చిత్తడినేల. అక్కడ స్థిరపడ్డ రైతులు నేల కింద మైళ్ళ పొడుగునా మట్టిగొట్టాలు పరిచి నీళ్ళు బయటకి లాగేసి సాగులోకి తెచ్చారు. పైనుంచి చూస్తే చదునైన బంగారు భూమి, నీళ్ళు మాత్రం అడుగున పారుతూనే ఉంటాయి. పైకి పెద్దమనిషి, ఊళ్ళో పరువు, చర్చిలో ముందు వరస... అడుగున ఏముందో ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. జిన్నీకి అయిదుసార్లు గర్భం నిలవదు, కారణం బావినీళ్ళలోకి దిగిన ఎరువుల నైట్రేట్లట. అంటే ఆ నేల ఆడపిల్లల్ని రెండు రకాలుగా తినేసిందన్నమాట.

ఇంతకీ ఈ నవల 1991లోనే ఎందుకొచ్చింది?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1896 ఏప్రిల్‌లో ఫ్రాయిడ్ వియన్నాలో సాటి డాక్టర్ల ముందు ఓ ఉపన్యాసం ఇచ్చాడు. తన దగ్గరికొచ్చిన 18 మంది హిస్టీరియా రోగుల జబ్బుకీ మూలం బాల్యంలో జరిగిన లైంగిక హింసేనని. హాల్లో ఎవరూ మెచ్చలేదు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ సిద్ధాంతాన్ని తనే వదిలేశాడు. చెప్పిన కారణాల్లో ఒకటి: ఇదే నిజమైతే ఇన్ని ఇళ్ళలో తండ్రులే దోషులని ఒప్పుకోవాలి! ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఇలాంటి మాటలు రోగి ఊహల ఖాతాలోకే ఎక్కువగా పోయాయి. 1981లో జుడిత్ హెర్మన్ 'ఫాదర్-డాటర్ ఇన్సెస్ట్' పుస్తకంతో అవి ఊహలు కావు, జరిగినవేనని గట్టిగా చెప్పింది.

తర్వాత విషయం కోర్టులకెక్కింది. 1986లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఎప్పుడో మర్చిపోయి ఇప్పుడు గుర్తొచ్చిందంటే కాలపరిమితి సడలించలేమని తీర్పిచ్చింది. రెండేళ్ళకే, 1988లో, అక్కడి శాసనసభ చట్టం మార్చేసింది. అత్యాచారం జరిగిన రోజునుంచి కాదు, దానివల్లే తనకీ నష్టం జరిగిందని బాధితురాలు గ్రహించిన రోజునుంచి లెక్క. కాలిఫోర్నియా కూడా 1990లో అదే దారి పట్టింది. 1991 మేలో, 1958 నాటి మిస్ అమెరికా మెరిలిన్ వాన్ డెర్బర్ డెన్వర్‌లో తన తండ్రి సంగతి బయటపెట్టింది. ఆమెకి 53 ఏళ్ళు, ఊళ్ళో పేరుమోసిన ఆ తండ్రి పోయి అప్పటికే ఏడేళ్ళు. స్మైలీ నవల వచ్చింది అదే ఏడాది.

రెండోపక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1992లో 'ఫాల్స్ మెమరీ సిండ్రోమ్ ఫౌండేషన్' పుట్టింది. పిల్లలు తమమీద అబద్ధపు జ్ఞాపకాలతో నేరాలు మోపుతున్నారన్న తల్లిదండ్రుల సంఘం అది (2019 చివర్లో మూసేశారు). 1995లో ఎలిజబెత్ లోఫ్టస్ 24 మంది మీద చేసిన ప్రయోగంలో, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని నమ్మిస్తే, నాలుగోవంతు మంది జరగనిదాన్ని 'గుర్తు' తెచ్చుకున్నారు. కాబట్టి జ్ఞాపకాన్ని వీడియో రికార్డింగ్‌లా నమ్మేయలేం. నిజమే. కానీ స్మైలీ కథ చూడండి, జిన్నీ మర్చిపోయింది, రోజ్ ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. అయినా రోజ్ కూడా ఇరవయ్యేళ్ళు నోరు విప్పలేదు. మర్చిపోవడం వేరు, చెప్పలేకపోవడం వేరు. మనం రెండిటినీ కలిపేసి రెండిటినీ అనుమానిస్తాం.

నవల్లో కోర్టు సీనూ ఉంది. తండ్రి పొలం వెనక్కివ్వమని దావా వేస్తే, కోర్టు చూసేది ఒక్కటే... కూతుళ్ళు సేద్యం సరిగా చేశారా లేదా. కేసు వాళ్ళే గెలుస్తారు. అసలు నేరం మాత్రం ఆ గదిలో ఎవరి నోటా రాదు. తండ్రి ఒప్పుకోడు, మతి తప్పి చివరికి గుండెపోటుతో పోతాడు. అంతా తెలిసీ జిన్నీ చిన్న చెల్లెలికి చెప్పకుండానే వెళ్ళిపోతుంది, ఎందుకంటే ఆ పిల్లకి వినాలని లేదు.

ఇక మన సంగతి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో (మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది) 12,447 మంది పిల్లలతో చేసిన సర్వేలో 53.22 శాతం ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్ళలో సగానికి పైగా మగపిల్లలు. ఎక్కువమంది ఎవరికీ చెప్పలేదు. పోక్సో చట్టం 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. పెద్దయ్యాక ఫిర్యాదు చేసినా కాలపరిమితి అడ్డు కాదని 2018లో కేంద్రం స్పష్టం చేసింది. బాగుంది. కానీ పోక్సో 2012కి ముందు జరిగినవాటికి వర్తించదు. అప్పటి ఐపీసీలో అత్యాచారానికి కాలపరిమితి లేదు గానీ, ఆడపిల్లని అసభ్యంగా తాకడం లాంటివి 354 సెక్షన్ కిందికొచ్చేవి. దానికి శిక్ష రెండేళ్ళే కాబట్టి కోర్టు ప్రత్యేకంగా క్షమిస్తే తప్ప మూడేళ్ళు దాటితే కేసు లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల పదకొండేళ్ళు నిండేలోపు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలన్నమాట! ఈ లైన్లు చదువుతున్న మనలో చాలామంది బాల్యం ఆ చట్టం కిందే గడిచింది.

మన ఉద్యోగంలో ఓ సంగతి అందరికీ తెలుసు. తప్పు ఎప్పుడో పదేళ్ళ కింద రాసిన కోడ్‌లో ఉంటుంది, సిస్టమ్ ఇవాళ కూలుతుంది. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని టికెట్ మూసేయం, లాగ్ తెరిచి చూస్తాం. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ మాత్రం ఓపిక ఎందుకుండదో నాకర్థం కాదు.

న్యూయార్క్ రాష్ట్రం 2019 ఆగస్టులో పాత కేసులకి తలుపులు తెరిచింది. రెండేళ్ళలో పదివేలకు పైగా దావాలు పడ్డాయి. "ఇప్పుడెందుకు?" అన్నదానికి వాళ్ళందరి జవాబూ బహుశా ఒకటే: వినేవాళ్ళు ఇప్పుడే దొరికారు కాబట్టి.

మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటి మాట మొదలుపెడితే, ఆ ప్రశ్న ఒక్కటి మాత్రం అడక్కండి.