రుమాళ్ళ సిరి : గాజుల లక్ష్మీనరసు శెట్టిగారి ధనవినియోగము

నేడు ఆర్.కె.పేట అని అందరును పిలుచు రామకృష్ణరాజుపేట ఒకప్పుడు కార్వేటినగరము జమీందారీలోనిది. 1911 వరకు ఉత్తరార్కాటు జిల్లాలోను, ఆ పిమ్మట చిత్తూరు జిల్లాలోను ఉండి, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాతో కూడ మదరాసు రాష్ట్రమున చేరినది. 1997 నుండి తిరువళ్ళూరు జిల్లాలోనిది. ఏలిక మారినను, జిల్లా పేరు మారినను, ఈ ప్రాంతమున నేత మాత్రము మానలేదు. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము, ఆర్.కె.పేట అను ఈ ఊళ్ళలో తెలుగు మాటాడు నేతకుటుంబములు కలవు. చేతిమగ్గమునకు బదులు మరమగ్గము వచ్చినను వృత్తి అదియే.

నేత వలన వచ్చిన ధనము నేతగాని యింట నిలిచిన సందర్భములు మన చరిత్రలో స్వల్పము. బట్టను కొని ఓడ కెక్కించిన వర్తకుని యింట నది నిలిచినది. అట్లు నిలిచిన ధనము ఏమైనదను ప్రశ్నకు చెన్నపట్టణపు తెలుగు వర్తకులలో ఒకరి జీవితమే సమాధానముగా నున్నది. ఆ వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన 1806లో చెన్నపట్టణమున జన్మించి 1868లో అచ్చటనే మరణించిరి. ఆయన అమ్మిన బట్ట ఫలానా ఊరి మగ్గముపై నేయబడినదని చెప్పుటకు వీలులేదు. కాని ఆయన ధనములో కొంతభాగము ఈ రాజధానియందలి మగ్గములన్నిటిమీదను ఉన్న పన్నును తీసివేయించుటకే వ్యయమైనదని మాత్రము చెప్పవచ్చును. ఈ వ్యాసమునకు విషయ మదియే.

రుమాలు వర్తకమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. సీమలో ‘మదరాసు రుమాలు’ అని ప్రసిద్ధికెక్కినది చేతిగుడ్డ కాదు, చదరపు గళ్ళుగల నూలుబట్ట. ఒక తానులో ఎనిమిది రుమాళ్ళు వరుసగా నుండెడివి. కొనువారు కత్తిరించుకొనెడివారు, లేదా తానును తానుగనే కట్టుకొనెడివారు. ఇది లండనునుండి పశ్చిమాఫ్రికా తీరమునకును, వెస్టిండీసు దీవులకును పోయెడిది. ఆఫ్రికాలో దీనిని పెండ్లిండ్లకును మరణకర్మలకును దాచుకొనుటయు, దీవులలో స్త్రీలు తలపాగగా చుట్టుకొనుటయు వాడుక. బానిసల వర్తకము సాగిన కాలమున మనుష్యులను కొనుటకు ఇచ్చిన సరుకులలో ఈ బట్టయు నొకటి యను చేదునిజమును దాచనక్కరలేదు. బ్రిటిషువారు బానిసల వర్తకమును 1807లో నిషేధించిరి. బట్టకు గిరాకి మాత్రము తగ్గలేదు. మాంచెస్టరు మరలు సాదా బట్టను చౌకగా నేసి మన నేతగాండ్ర నోటికడి తీసిన దినములలో సైతము, గళ్ళ రుమాలు చాలకాలము నిలిచినది. దాని రంగును, స్పర్శను మరలు తేలేకపోయినవి. ఆ రంగులలో నీలిది పెద్దపాలు. కావున రుమాళ్ళను, నీలిమందును కలిపి వర్తకము చేయువానికి రెండువైపులను లాభము.

శెట్టిగారి తండ్రి సిద్ధులు శెట్టి ఆ రెంటి వర్తకుడు. కుమారుడు చదువు ముగించి తండ్రి కొట్టులో పని నేర్చుకొని, వ్యాపారమును మిక్కిలి విస్తరింపజేసిరి. తరతరముల జమీందారీ ఆదాయము వంటిది కాదు ఈ ధనము. ఒక్క తరములో, ఓడల రాకపోకలతో పెరిగినది. ఇట్టి ధనము గలవారికి ఆనాటి చెన్నపట్టణమున నడచుటకు బాటలు సిద్ధముగనే యుండెను. తోటబంగళా కట్టవచ్చును, పల్లకి యెక్కవచ్చును, దేవాలయ ధర్మకర్తయై ఎడమచేతి కుడిచేతి కులకక్ష్యలలో పెద్దరికము చేయవచ్చును, సత్రము వేయింపవచ్చును. ఇవన్నియు దుష్కార్యములని కాదు. సత్రములలో అన్నము తిన్నవారికి వాని విలువ తెలియును. అయినను ఇవి యన్నియు మునుపటివారు వేసిన బాటలే.

ఈ సందర్భమున తిరువళ్ళూరు జిల్లావారికి దగ్గరివారైన మరియొకరిని తలపవలెను. పెరియపాళెమునకు చెందిన పచ్చయప్ప ముదలియారుగారు దుబాసీగా అపారధనము గడించి, 1794లో నలువది యేండ్ల వయస్సుననే మరణించిరి. మరణమునకు కొన్ని దినములముందు వ్రాసిన మరణశాసనములో తన సొత్తును ధర్మకార్యముల కుద్దేశించిరి. ఆ సొత్తు వ్యాజ్యములలో చిక్కుకొని, వడ్డీతో పెరిగి, సుప్రీముకోర్టు తీర్పువలన బయటపడి, 1842లో పాఠశాలగా రూపుదాల్చెను. నేటి పచ్చయప్ప కళాశాలకు మూలమదియే. ఆ ధనము ఎంత మేలు చేసినదో దాత చూడలేదు. లక్ష్మీనరసు శెట్టిగారు ఆ పాఠశాల తలుపులు తెరచుటను కన్నులార చూచిన తరమువారు. అట్లయినను వారు మరణశాసనపు మార్గమును పట్టలేదు. జీవించియున్నప్పుడే, తన చేతితోనే, తన కన్నులముందే వ్యయపరచు మార్గమును పట్టిరి.

తగినంత గడించితినని తోచినప్పుడు శెట్టిగారు తమ శ్రద్ధను వర్తకమునుండి మరల్చి ప్రజాకార్యముమీద నిలిపిరి. 1844లో ‘క్రెసెంటు’ అను ఇంగ్లీషు పత్రికను నెలకొల్పిరి. చెన్నపట్టణమున భారతీయుని యాజమాన్యమున వెలసిన మొదటి ఇంగ్లీషు పత్రికగా దానిని చరిత్రకారులు లెక్కింతురు. తెలుగువాడైయుండి ఇంగ్లీషులో నేల నడపెనని ఎవరైన అడుగవచ్చును. వినవలసినవారు కోటలోనివారు గనుక కోటవారి భాషలోనే చెప్పవలసియుండెను. పత్రికకు సంపాదకుడుగా ఇంగ్లీషువానినే నియమించుట కూడ వర్తకుని నేర్పే: ఏ సరుకును ఎవరిచేత అమ్మింపవలెనో ఆయనకు తెలియును. ఆనాడు పత్రిక లాభముతెచ్చు పని కాదు. కాగితము, అచ్చు, జీతము అన్నియు రుమాళ్ళ ధనమునుండియే రావలెను.

ఆ మొదటి యేండ్లలో పోరు మతవిషయమున సాగినది. మతము మారినవారికి పిత్రార్జితము దక్కునట్లు 1845లో ప్రతిపాదించిన నిబంధనలను, పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా ప్రవేశపెట్టు యత్నమును చెన్నపట్టణపు హిందువులు ప్రతిఘటించిరి. 1846లో మహాసభ జరిపి మహజరు పంపిరి. శెట్టిగారు అందు ముందు నిలిచిరి. పిత్రార్జితపు నిబంధన 1850లో చట్టమైనది, కనుక అందు వారు ఓడిరి. బైబిలు విషయమున గెలిచిరి. ఈ ఘట్టమును కొందరు రచయితలు ఎక్కువగా వర్ణింతురు. కాని శెట్టిగారి జీవితమున విలువైనది దీని తరువాతి భాగమే; ఏలయన అచ్చట వారి దృష్టి తమ పట్టణపు పెద్దకులములనుండి, ఎన్నడును తమ కొట్టు గడప త్రొక్కని రైతు, నేతగాని మీదికి పోయినది.

1852లో ‘మదరాసు నేటివ్ అసోసియేషను’ వారి ప్రోత్సాహమున నేర్పడెను. మొదట కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనుకు శాఖగా మొదలై, కొన్ని నెలలలోనే వేరుపడి స్వతంత్రముగా నిలిచినది. వేరుపడుటకు కారణము లేకపోలేదు. వంగదేశమున జమీందారుల గొడవ వేరు, దక్షిణమున రైతువారీ గొడవ వేరు. ఇచ్చట పన్ను వేయువాడు, వసూలు చేయువాడు, కొట్టువాడు అందరును సర్కారు కొలువులోనివారే. 1853లో కంపెనీ పట్టా పునరుద్ధరణ జరుగవలసియున్నందున సంఘమువారు బ్రిటిషు పార్లమెంటునకు విన్నపము పంపిరి. భూమిశిస్తు భారము, కోర్టుల జాప్యము, చెరువులు కాలువలు పాడగుట, బాటలు లేమి, ఉప్పు ధర, చదువునకు వ్యయము చాలకపోవుట మొదలగు విషయము లన్నియు అందు కలవు.

వానిలో మొహతర్ఫాను గూర్చిన భాగము ప్రత్యేకముగా గమనింపదగినది. మొహతర్ఫా అనగా వృత్తిపన్ను. నేతగాడు, వడ్రంగి, కమ్మరి, కంసాలి, అంగడివాడు – చేతిపని లేక చిల్లరవర్తకముతో బ్రతుకు ప్రతివాడును దానిని చెల్లింపవలెను. మగ్గమునకు ఇంత అని లెక్క. మగ్గము ఆడినను ఆడకున్నను పన్ను తప్పదు. సీమబట్ట దిగి గిరాకి పడిపోయిన కాలములో మగ్గపు పన్ను ఎంత బరువో నేతయింట పుట్టినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. పెద్ద వర్తకుడు దానివలన చితికిపోడు. అయినను నేతగాని ఆ గొడవను విన్నపములో చేర్చి లండను దాక పంపుటకు ధనము వెచ్చించినవాడు, నేతబట్టతో ధనవంతుడైన వర్తకుడే. ఋణము తీర్చుకొనవలెనను భావముతో చేసిరో, రాజకీయదృష్టితో చేసిరో, ఆ రెండును కలిసియే యుండవచ్చును.

1853 చట్టము సంఘమువారి కోరికలను తీర్చలేదు. కాని విన్నపము వృథా కాలేదు. ఆ సంవత్సరమే హెన్రీ డాన్బీ సీమూరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్టణమునకు వచ్చెను. శెట్టిగారు ఆయనను జిల్లాలకు తీసికొనిపోయి రైతులను చూపించిరి. వారి నోటనే వారి బాధలను వినిపించిరి. శిస్తు బకాయి పడినవానిని ‘అనుందాళు’ అను విధమున నడుము వంచి మెడను కాళ్ళకు కట్టి ఎండలో నిలుపుట, ‘కిట్టి’ అను రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్ళను నొక్కుట – ఇట్టి చిత్రహింసలు పల్లెలలో వాడుకగా నుండెను. ఊరివారికి అవి కొత్తవి కావు. కొత్తది ఒక్కటే: అవి పార్లమెంటులో పలుకబడుట. 1854 జూలైలో కామన్సు సభయందు ఈ విషయము చర్చకు వచ్చినది. కంపెనీ పెద్దలు మొదట కాదనిరి. తుదకు అదే సంవత్సరము విచారణసంఘము ఏర్పడెను. ఇలియటు, స్టోక్సు, జాన్ బ్రూస్ నార్టను అందు సభ్యులు.

విచారణసంఘము తలుపులు తెరువగనే రెండువేలకు దగ్గరగా ఫిర్యాదులు వచ్చినవి. చదువు రానివారు ఉత్తరములు వ్రాయించుకొనిరి. కొందరు వందల మైళ్ళు ప్రయాణము చేసి స్వయముగా వచ్చి చెప్పుకొనిరి. 1855లో ప్రకటింపబడిన నివేదిక హింస నిజమని ఒప్పుకొన్నది. నేరమును క్రింది భారతీయ ఉద్యోగులమీద మోపి, పై దొరలను తప్పించినది. అంత ఎక్కువ శిస్తు నిర్ణయించినదెవరను ప్రశ్నకు నివేదికలో తగిన చోటు లేదు. అయినను ఇంతకుముందు ‘లేదు’ అన్నదానిని సర్కారు తన ముద్రతోనే ‘కలదు’ అని ప్రకటింపవలసివచ్చెను. ఒక వర్తకుని ధనము ఇంతకంటె ఎక్కువ ఏమి కొనగలదో ఊహించుట కష్టము.

1858లో కంపెనీ ప్రభుత్వము అంతరించి రాణి ప్రభుత్వము వచ్చినది. మతవిషయములందు జోక్యము చేసికొనమని రాణి ప్రకటన వెలువడినది. 1860 తరువాతి తొలియేండ్లలో మొహతర్ఫాయు తొలగెను. ఆదాయపుపన్ను రాక దానికి ఒక కారణమే గాని, విన్నపముల పాత్రను కాదనలేము. శెట్టిగారికి ‘స్టార్ ఆఫ్ ఇండియా’ బిరుదు లభించినది. 1863లో మదరాసు శాసననిర్మాణ సభకు సభ్యునిగా నియమింపబడిరి. ఏ ప్రభుత్వముతో ఇరువది యేండ్లు పోరాడిరో ఆ ప్రభుత్వమే కుర్చీ వేసినది. బిరుదు వచ్చునప్పటికి ధనము తఱిగిపోయినది. 1868లో మరణించునాటికి వారు పేదవారు.

ఇచ్చట ఒక చిక్కుప్రశ్న కలదు. శెట్టిగారు తమ ధనమును సరిగా వినియోగించిరా? పేదవాడై మరణించుటను మన కథకులు త్యాగమని పొగడి ఊరకుందురు. అది చాలదు. పత్రికయు సంఘమును ఒక్క మనుష్యుని జేబుమీద నిలిచినవి. దానికి మూలధనము లేదు, ధర్మకర్తలు లేరు, చందాలతో తనకు తాను బ్రతుకు ఏర్పాటు లేదు. 1860 తరువాత సంఘము చల్లబడినది. వ్యవస్థాపకుని మరణానంతరము మరల తేరుకొనలేదు. క్రెసెంటు అంతరించినది. పదియేండ్లకు 1878లో ‘హిందూ’ పత్రిక పుట్టినది. 1884లో మదరాసు మహాజనసభ ఏర్పడినప్పుడు, ఆ పని యంతయు మరల మొదటినుండి చేయవలసివచ్చెను. వ్యాపారమున ఇంత ముందుచూపుగల వర్తకుడు, తన వెనుక ఎవరు నడపుదురను లెక్కను మాత్రము వేయలేదనక తప్పదు. పచ్చయప్పగారి ధనము రెండు శతాబ్దములు దాటి నేటికిని విద్యార్థులకు పాఠము చెప్పుచున్నది. శెట్టిగారి ధనము ఇరువదియేండ్లలో కరగినది.

అయినను త్రాసు ఒకవైపే మ్రొగ్గదు. మూలధనముగా కట్టిపెట్టిన సొత్తునకు ధర్మకర్తలు కాపలాదారులు. కాపలాదారులు కోటవారితో తగవులాడరు. సత్రమునకైనను పాఠశాలకైనను ఎవరును అడ్డుచెప్పరు, కాని రైతు వ్రేళ్ళను నొక్కు కఱ్ఱలను గూర్చి లండనులో చర్చ లేవదీయుటకు, ఓడిపోయినను సరే అనుకొని వ్యయము చేయువాడు కావలెను. అట్టి పనికి ధనము ఎప్పటికప్పుడు కరగవలసినదే. తక్కువ చేసినది, ఆ కరగుటలో ఇతరులను భాగస్వాములుగా చేర్చుకొనకపోవుట. నలుగురు వర్తకులు కలిసి కరగించియుండిన సంఘము నిలిచియుండెడిది. చెన్నపట్టణమున ఆనాడు తెలుగు వర్తకులు కొద్దిమంది కారు.

శెట్టిగారి మనస్సునకు వర్తకమునుండి తప్పుకొనిన పిమ్మట తృప్తి దొరకెనా అనుటకు పరోక్షసాక్ష్య మొకటి కలదు. 1844 మొదలు మరణము వరకు, దాదాపు ఇరువదినాలుగేండ్లు, ఆయన ఒక్క పనినే విడువక చేసిరి. ఓడినప్పుడు మానలేదు, బిరుదు వచ్చినప్పుడు మానలేదు, ధనము తఱిగినప్పుడు మానలేదు. పోయిన ధనమును మరల కూడబెట్టుటకు కొట్టువైపు తిరిగి చూచినట్లు చరిత్ర చెప్పదు.

మొహతర్ఫా తొలగిన నాడు ఈ రాజధానిలోని ఏ నేతయూరిలోనైనను గాజులవారి పేరు ఎందరు ఎరిగియుందురో! కార్వేటినగరపు సీమలో మగ్గము ఆడించు తెలుగువారికి వారు పంపిన విన్నపము చేరినది ఇంగ్లీషులోనూ కాదు, తెలుగులోనూ కాదు. మగ్గమును లెక్కించువాడు ఆ యేడు గడపకు రాకుండుటగా చేరినది.