తాత బండి రేడియేటర్

1956 నవంబర్ 1న మా మర్ఖేల్ హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. మేము ఉన్నచోటనే ఉన్నాం: ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ.

తాత కొన్న అంబాసిడర్ కూడా ఇంట్లనే ఉంది. ఆ బండ్ల తయారీ 2014లో ఆగిపోయింది. దాని రేడియేటర్ రాగి, ఇత్తడిది; కారినప్పుడల్లా దేగ్లూర్‌లో మాటు వేయించేవారు. ఈసారి మాటు నిలవలేదు. కొత్తది తెచ్చి మేమే బిగించినం, ఎన్నడూ చేయని పని. ఇంజిన్ చల్లారినాక కింది నల్లా తిప్పి నీళ్లు తీసినం, గొట్టాలు, బోల్టులు విప్పినం. కొత్తది పెట్టి నీళ్లు పోస్తే కింది గొట్టం దగ్గర ధార! క్లిప్పు బిగించుడు మరిచినం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఇల్లు మరి.

పాత సామాన్లాయన ఇత్తడిని తూకానికి అడిగిండు. బాపు ఇయ్యలేదు. పైమాటు తాత చివరి ఎండకాలంలో వేయించిందట.