పాత గ్రంథమాలల పునర్ముద్రణ: 'హెరిటేజ్ ఆఫ్ ఇండియా' చెప్పే పాఠం

ఒకప్పుడు బహుళ ప్రచారం పొందిన గ్రంథమాలలను ప్రచురణకర్తలు మళ్లీ ఎందుకు అచ్చువేయరు అని అడిగితే, కొనేవారు లేరన్న జవాబు వస్తుంది. ఇది అబద్ధం కాదు గాని అసంపూర్ణం. తెలుగు సంఘంతో సన్నిహిత సంబంధం గల 'హెరిటేజ్ ఆఫ్ ఇండియా' గ్రంథమాల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించదలచాము.

కలకత్తాలోని వై.ఎం.సి.ఎ. వారి అసోసియేషన్ ప్రెస్ ఈ చిన్న ఆంగ్ల పుస్తకాలను 1915 ప్రాంతం నుండి వెలువరించింది. ప్రధాన సంపాదకులు ఇద్దరు: 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్యగారు, వై.ఎం.సి.ఎ. సాహిత్య కార్యదర్శి జె. ఎన్. ఫర్కుహర్‌గారు. వారి ముందుమాట ఫిలిప్పీ 4:8 వచనంతో ప్రారంభమవుతుంది. ప్రతి పుస్తకానికీ వారు పెట్టుకున్న పరీక్షలు రెండు: అందులో పాండిత్యం ఉండాలి, సానుభూతి ఉండాలి. ధనికుడైనా పేదవాడైనా చదువుకున్న ప్రతి భారతీయుడూ కొనగలిగేటట్లు ధర తక్కువగా ఉండాలన్నది వారి సంకల్పం. కన్నడ సాహిత్యంపై రైస్ (1915), మరాఠీ భక్తుల కీర్తనలపై మక్‌నికోల్ (1919), భారతీయ సంగీతంపై పోప్లీ (1921) వ్రాసిన పుస్తకాలు ఇందులోనివే. తెలుగు సాహిత్య చరిత్రను క్రైస్తవ న్యాయవేత్త పి. చెంచయ్యగారు, ఏలూరు జమీందారు రాజా ఎం. భుజంగరావుగారు కలిసి వ్రాయగా 1928లో వెలువడింది.

ఈ గ్రంథమాల మొత్తంగా ఎందుకు నిలువలేదు? మొదటి కారణం, దానిని ఒక్కటిగా పట్టి ఉంచిన చేతులు తొలగిపోవడం. ఫర్కుహర్‌గారు 1923లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1929లో మరణించారు. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. ఆ తరువాత ఒక్కొక్క పుస్తకం తన బ్రతుకు తాను బ్రతకవలసి వచ్చింది. పోప్లీ పుస్తకాన్ని వై.ఎం.సి.ఎ. ప్రచురణ సంస్థే 1966లో మళ్లీ ముద్రించింది. సంగీతం నేర్చుకొనేవారు దానిని అడుగుతూనే ఉన్నారు. సాహిత్య చరిత్రలకు ఆ బలం లేదు. కొత్త పరిశోధన వచ్చేకొద్దీ అవి పాతబడతాయి. తెలుగు విషయంలో 1968లో సాహిత్య అకాడెమీ జి. వి. సీతాపతిగారి చరిత్రను ప్రచురించింది.

రెండవది ముద్రణకయ్యే ఖర్చు. సీసపు అక్షరాలతో కూర్చిన రోజుల్లో, అచ్చు విప్పేసిన పుస్తకాన్ని మళ్లీ వేయాలంటే మొదటి నుండీ కూర్చవలసిందే. ఫోటో ఆఫ్‌సెట్ పద్ధతి వచ్చాక పాత పుటలనే ఫోటో తీసి కొద్ది ప్రతులు వేయడం సాధ్యమైంది. ఢిల్లీలోని ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ రైస్ గ్రంథాన్ని 1982లో, చెంచయ్య, భుజంగరావుగార్ల గ్రంథాన్ని 1988లో ఈ తరహా పునర్ముద్రణలుగా తెచ్చింది. ఇలాంటి పునర్ముద్రణలను ఎక్కువగా కొనేది గ్రంథాలయాలు, పరిశోధకులు. పేదవాడి చేతికి అందాలని పుట్టిన పుస్తకం చివరకు గ్రంథాలయపు బీరువాకు చేరింది.

మూడవది హక్కుల చిక్కు. 1957 నాటి కాపీరైట్ చట్టం రచయిత మరణానంతరం 50 ఏళ్ల రక్షణ ఇవ్వగా, 1992 సవరణ దానిని 60 ఏళ్లకు పెంచింది. ఇద్దరు కలిసి వ్రాసిన గ్రంథానికి ఈ లెక్క చివరగా మరణించిన రచయిత నుండి మొదలవుతుంది. వారసులను వెదకి అనుమతి తీసుకొనే శ్రమ, చిన్న పుస్తకంపై వచ్చే లాభం కంటే పెద్దది.

నాలుగవ కారణాన్ని మనం దాచకూడదు. సంపాదకుల ముందుమాట భారతీయ వారసత్వంలోని నిధులను పొగుడుతూనే, అందులో పనికిరానివి, హాని కలిగించేవి చాలా ఉన్నాయని కూడా తీర్పు చెబుతుంది. ఆ మాటలను నేడు వివరణ లేకుండా అచ్చువేస్తే, వాటిని ఈనాటి సంఘం మాటలుగానే పొరుగువారు చదువుతారు. తొలగించి వేస్తే చరిత్రను దిద్దినట్లవుతుంది. తగిన పీఠిక వ్రాయగల పండితుడు దొరికితే తప్ప ప్రచురణకర్త ఈ భారానికి పూనుకోడు.

ఈ సంపుటాలలో పెక్కు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. కాబట్టి పుస్తకం నశిస్తుందన్న భయం తగ్గింది. అయినా దొరకడం వేరు, చదవబడడం వేరు. మన వేదాంత కళాశాలల్లో చెంచయ్యగారిని 1938 నాటి 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' రచయితలలో ఒకరిగానే ఎరుగుదుము. పొరుగు మతస్థునితో కలిసి కూర్చొని తన భాషా సాహిత్యానికి చరిత్ర వ్రాసిన చెంచయ్యగారిని వదిలిపెడితే, ఆయన వేదాంతం ఏ నేలలో వేరూనిందో విద్యార్థికి తెలియదు.

ప్రచురణకర్తలను నిందించే ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. పాఠ్యాంశంగా ఎవరూ నిర్ణయించని పుస్తకాన్ని ఎవరు అచ్చువేస్తారు? అజరయ్యగారు సంపాదకత్వం వహించిన గ్రంథమాలలో తెలుగు సంపుటాన్నైనా మన తరగతి గదుల్లోకి తెచ్చి, దాని గుణదోషాలు రెండింటినీ చెప్పే పీఠికను మనమే సిద్ధం చేస్తే, పునర్ముద్రణను అడిగే హక్కు మనకు ఉంటుందని మా నమ్మకం.