వయసుకు తగ్గ తరగతి

పన్నెండేళ్ల వరకు పశువుల వెంట తిరిగిన పిల్లవాణ్ణి బడిలో ఎక్కడ కూర్చోబెట్టాలి? ఒకటో తరగతిలో అయితే సిగ్గుతో వారం తిరక్కుండానే మానేస్తాడు. ఏడో తరగతిలో అయితే అక్షరం ముక్క అర్థం కాదు. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకున్నది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. దానికి సారథి వెంకటరంగయ్య మనవరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా.

వాళ్లు కనిపెట్టిన దారి బ్రిడ్జి కోర్సు. జీతాలకు కుదిరిన పిల్లల్ని తల్లిదండ్రులతో, ఆసాములతో మాట్లాడి విడిపించేవారు. నెలల తరబడి శిబిరంలో ఉంచి, ఆటపాటలతో మొదలుపెట్టి, చదవడం, రాయడం, లెక్కలు నేర్పేవారు. ఆ తర్వాత తమ ఈడు పిల్లలున్న తరగతిలోనే చేర్పించేవారు. పేదవాడి బిడ్డకు చదువు ఎక్కదనే మాట ఎంత తప్పో ఆ శిబిరాలు రుజువు చేశాయి. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం దక్కింది.

ప్రభుత్వమూ ఈ దారి పట్టింది. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ బ్రిడ్జి కోర్సులకు నిధులిచ్చింది. బడి మానేసిన ఆడపిల్లల కోసం 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి.

అసలు మలుపు విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, ఆరేళ్లు దాటినా బడిలో చేరని పిల్లల్నీ, మధ్యలో మానేసిన పిల్లల్నీ వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ పొందడం వాళ్ల హక్కు. పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదువుకోవచ్చు. ప్రతి పిల్లవాడి స్థాయిని గమనించి, అవసరమైతే అదనంగా బోధించడం ఉపాధ్యాయుడి విధి అని 24వ సెక్షన్ చెబుతోంది.

కాలక్రమంలో సమస్య గుమ్మం దాటి తరగతి గదిలోకి వచ్చింది. రోజూ బడికొచ్చే పిల్లల్లోనూ చాలామంది తమ పాఠ్యపుస్తకం చదవలేకపోతున్నారు. కరోనా కాలంలో బడులు మూతపడ్డాక ఈ వెనకబాటు ఇంకా పెరిగింది. ఆ లోటు పూడ్చడానికే తెలంగాణ ప్రభుత్వం 2022లో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ‘తొలిమెట్టు’ చేపట్టింది.

పథకాల పేర్లు మారుతూనే ఉంటాయి. చట్టం ఇచ్చిన హక్కు మాత్రం మారలేదు. పిల్లవాడు చదువులో వెనకబడితే, అదనపు బోధన ఎప్పుడు, ఎవరు చేస్తున్నారని తల్లిదండ్రులు బడికి వెళ్లి అడగాలి.