రెటినోబ్లాస్టోమా అవగాహన: తెలుగు ప్రాంతాల్లో చరిత్ర

రెటినోబ్లాస్టోమా పసిపిల్లల కంటి రెటీనాలో పుట్టే అరుదైన క్యాన్సర్. సుమారు 15,000 నుంచి 18,000 జననాలకు ఒకరిలో వస్తుంది, ఎక్కువగా ఐదేళ్లలోపే బయటపడుతుంది. కంటిపాప నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మెరవడం మొదటి గుర్తు, మెల్లకన్ను రెండోది. కణితి కంటిలోపల ఉండగానే పట్టుకుంటే పిల్లలు దాదాపు అందరూ బతుకుతారు. కంటినరం వెంట మెదడు వైపు పాకితే బతకడం కష్టం. నొప్పి లేకుండా మొదలయ్యే ఈ జబ్బును ముందు చూసేది వైద్యుడు కాదు, తల్లి. అందుకే దీని విషయంలో అవగాహన కూడా వైద్యంలో భాగమే.

వాడుక మాటలు, నమ్మకాలు

ఈ జబ్బుకు తెలుగులో వాడుక పేరు స్థిరపడలేదు. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తే ‘పువ్వు పూసింది’ అంటారు. లేత రంగు కళ్లను ‘పిల్లికళ్లు’ అంటారు. రెటినోబ్లాస్టోమా మెరుపు ఈ రెండూ కాదు. అది గుడ్డు పైన ఉండే మచ్చ కాదు, లోపలి కణితి మీద వెలుగు పడి తిరిగి రావడం. మసక వెలుతురులోనో, ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలోనో ఒక్కోసారి కనబడి మాయమవుతుంది. చూసినవారు తమకు తెలిసిన పేరే పెట్టుకుని ఊరుకుంటారు. మెల్లకన్ను అదృష్టమనే పాత నమ్మకం రెండో గుర్తునూ కప్పేస్తుంది.

తొలి చరిత్ర

1597లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ పావ్ ఇలాంటి కణితిని వర్ణించాడు. 1809లో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ వార్‌డ్రాప్, కన్ను తీసేస్తే ప్రాణం నిలుస్తుందని వాదించాడు. 1851లో హెల్మ్‌హోల్ట్స్ చేసిన ఆఫ్తాల్మోస్కోప్‌తో బతికున్న మనిషి కంటి లోపలి భాగం కనిపించింది. 1926లో అమెరికన్ నేత్రవైద్య సంఘం నేటి పేరును ఆమోదించింది. 1971లో ఆల్ఫ్రెడ్ నుడ్సన్ ఈ జబ్బు ఆధారంగానే ‘రెండు దెబ్బల’ సిద్ధాంతం, అంటే ఒక జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటేనే కణితి వస్తుందని, చెప్పాడు. 1986లో ఆ జన్యువు, ఆర్‌బీ1, దొరికింది.

హైదరాబాద్ కేంద్రంగా

1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, సరోజినీదేవి కంటి ఆసుపత్రి హైదరాబాద్‌లో ముందు నుంచే ఉన్నాయి. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన ఐదెకరాల స్థలం, కోటి రూపాయల విరాళంతో, గుల్లపల్లి నాగేశ్వరరావు సారథ్యంలో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ తలుపులు తెరిచింది. కంటి క్యాన్సర్లకు ఇక్కడ ప్రత్యేక విభాగాన్ని నిలబెట్టిన సంతోష్ హోనావర్‌కు 2009లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. తర్వాత విభాగాన్ని నడిపిస్తున్న స్వాతి కలికి, చికిత్సతో పాటు ప్రచారాన్నీ భుజానికెత్తుకున్నారు. ప్రపంచ రెటినోబ్లాస్టోమా అవగాహన వారం మే రెండో వారంలో వస్తుంది. ఆ నెలలో సంస్థ ‘వైటథాన్’ పేరుతో పరుగు నిర్వహిస్తూ వచ్చింది. కంటిపాపలోని తెలుపునే పేరుగా పెట్టుకున్న ఈ పరుగు, జబ్బు గుర్తు ఏమిటో చెప్పడానికి ఎంచుకున్న చక్కని మార్గం.

నగరంలో పరుగు ఒక ఎత్తు, నల్లమల అంచున ఉన్న లింగాల వంటి మండలానికి ఆ మాట చేరడం మరో ఎత్తు. 1996 నుంచి 2000 వరకు జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం లింగాల అప్పట్లో ఉన్న మహబూబ్‌నగర్ జిల్లాను ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో ఒకటిగా చేర్చింది. మొత్తం 10,293 మందిని పరీక్షించారు. శుక్లాలు, కళ్లద్దాల అవసరం అందులో స్పష్టంగా తేలాయి. వేల జననాలకు ఒకటిగా వచ్చే జబ్బు అలాంటి లెక్కకు అందదు. 2007 ఏప్రిల్ 1న పేదలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. దాంతో క్యాన్సర్ చికిత్స ఖర్చు భయం కొంతైనా తగ్గింది. నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ గ్రామీణ కంటి ఆసుపత్రి నడుపుతోంది.

2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లలను పరీక్షించే వైద్య బృందాలను అంగన్‌వాడీలకు పంపింది. 2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం కంటి వెలుగు ఊరూరా పరీక్షలు చేసి కళ్లద్దాలు పంచింది. ఈ రెండింటిలో ఉయ్యాల్లోని బిడ్డ కంటికి దగ్గరైనది మొదటిదే.

ఆలస్యం కొలత

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలల క్యాన్సర్ కార్యక్రమంలో ఎంచుకున్న ఆరు ప్రధాన జబ్బుల్లో రెటినోబ్లాస్టోమా ఒకటి. 153 దేశాల్లో 2017లో జబ్బు గుర్తించిన 4,351 మంది పిల్లల వివరాలతో 2020లో వెలువడిన అధ్యయనం జబ్బు గుర్తించడంలో జరిగే ఆలస్యాన్ని లెక్కకట్టింది. పేద దేశాల్లో జబ్బు గుర్తించే నాటికి బిడ్డల మధ్యస్థ వయసు 30 నెలలకు పైగా, సంపన్న దేశాల్లో 14 నెలలు. పేద దేశాల్లో దాదాపు సగం మందికి అప్పటికే కణితి కన్ను దాటిపోయింది. సంపన్న దేశాల్లో ఆ స్థితి నూటికి ఇద్దరిలోపే.

సుమారు 40 శాతం కేసుల్లో ఇది వంశపారంపర్యంగా సంక్రమించగల రకం. అందువల్ల ఒక బిడ్డకు జబ్బు తేలిన ఇంట్లో తోబుట్టువుల కళ్లను, తర్వాత పుట్టేవారి కళ్లను పుట్టిన తొలి రోజుల నుంచే వైద్యులు చూస్తారు.